పోర్తెవెర్దె దారిలో తెల్ల టోపీ

తూల్లియో చచ్చిపోయి కూర్చున్న బెంచీకి అవతలి చివర ఒక కొత్త జంట ఫొటో దిగుతోంది.

అతను నిద్రపోతున్నాడనుకున్నారు వాళ్ళు. టోపీ ముక్కు మీదికి జారి ఉంది. చేతిలో ఐస్‌క్రీమ్ పుల్ల. కరిగిన పిస్తా ఐస్‌క్రీమ్ ప్యాంటు మీద పచ్చగా అట్టకట్టి ఉంటే దాని మీద చీమలు బారు తీరాయి. వెనక సముద్రం మంచి నీలంగా ఉంది. "ఆయన కాళ్ళు పడుతున్నాయి, కొంచెం ఇటు జరుగు" అంది జంటలో అమ్మాయి. వాళ్ళు వెళ్ళాక ఇంకో జంట వచ్చింది. సాయంత్రం చెత్త ఊడ్చే మనిషి వచ్చి భుజం తట్టే దాకా, తీరం దారిన పోయేవాళ్ళంతా ఆ బెంచీ దగ్గర ఆగారు, నవ్వారు, వెళ్ళిపోయారు.

మెడ మీద దోమ కుట్టినంత చుక్క. ఇంకే గాయమూ లేదు.

ఆ ఫొటోలు కొన్ని సంపాదించి, తూల్లియోని ఆ దారి చూసి రమ్మని పంపిన జెనోవా గూఢచారి ఆఫీసులో, కర్నల్ కానెపా బల్ల మీద పరిచాడు. ఏజెంట్ ఇలారియా ఫిగారి వాటిని ఒకసారి చూసి తల తిప్పుకుంది. ప్రతి ఫొటోలోనూ ఎవరో నవ్వుతున్నారు. ప్రతి నవ్వు పక్కనా తూల్లియో మోకాలు.

"చూడలేకపోతున్నావా?" అన్నాడు కర్నల్. అతను ఫొకాచ్చా రొట్టె కాఫీలో ముంచుకుని తింటున్నాడు. మా వైపు అందరూ చేసేదే, అందులో తప్పేం లేదు. కానీ రొట్టె నుంచి కారే నూనె సరిగ్గా తూల్లియో మోకాలి మీద పడుతోంది.

"లేదు సార్" అంది ఇలారియా.

ఆమె ఎప్పుడూ అంతే. రెండు మాటలు. గదిలోకి వస్తే ఎవరూ తల ఎత్తరు, వెళ్ళిపోతే ఎవరూ వెతకరు. డిపార్ట్‌మెంట్‌కి ఆమెలో నచ్చింది అదొక్కటే.

"టార్గెట్ పేరు ఒరేస్తె బీజియో" అన్నాడు కర్నల్. "సముద్రం అడుగున కేబుళ్ళు వేసే ఇంజనీరు. ఏ కేబుల్ ఎక్కడుందో కొంతకాలంగా ఒక విదేశీ ముఠాకి చెబుతున్నాడు. ఇప్పుడు మన దగ్గరికి వచ్చి అన్నీ చెప్పేస్తానంటున్నాడు."

"ముఠాలో ఎవరెవరు?"

"అదే తెలియాలి. పేర్లన్నీ ఆయన తలలో ఉన్నాయి. కాగితం మీద ఒక్క అక్షరం పెట్టలేదు. ఆయన పోతే పేర్లూ పోతాయి."

"ఎలా వస్తాడు?"

"రైళ్ళు, కార్లు అన్నింటి మీదా వాళ్ళ కళ్ళు ఉన్నాయట. ఆదివారం సాన్ బార్తొలో చర్చి మెట్ల దగ్గర ఉంటాడు. అక్కడి నుంచి పోర్తెవెర్దె దాకా తీరం దారిలో నడిచి వస్తాడు, టూరిస్టుల గుంపులో ఒకడిగా. పోర్తెవెర్దెలో నేవీ లాంచ్ ఉంటుంది."

"తూల్లియోని చంపిన దారిలోనా?"

"మార్చుకోమని చెప్పడానికి ఆయన దగ్గర ఫోన్ లేదు. భయంతో సముద్రంలో పారేశాడు." కర్నల్ వేళ్ళు నాక్కున్నాడు. "సగం దారిలో బాచీ అనే మన పాత మనిషి ద్రాక్షతోట ఉంది. ఏళ్ళ తరబడి కొండ దిగడు. నేను కూడా ఎప్పుడూ చూడలేదు. అక్కడ ఆగి బట్టలు, వేషం మార్చుకోండి. నువ్వు 'గాలి ఎటు నుంచి వస్తోంది బాచీ?' అనాలి. అతను 'ఆఫ్రికా నుంచి తల్లీ, ఇసుకతో సహా' అంటాడు. ఈ మాట నీకు, నాకు, బాచీకి, ఫ్లామీనియాకి తప్ప ఎవరికీ తెలియదు."

ఫ్లామీనియా పేరు వినగానే ఇలారియా ముఖం కొంచెం ముడుచుకుంది. ఫ్లామీనియా డబుల్ ఏజెంట్. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. మన మనిషేనని కర్నల్ నమ్మకం. ఆ నమ్మకంలో ఆమె సెంటు వాసన పాలు చాలానే ఉందని ఆఫీసులో అందరికీ తెలుసు.

"ఆవిడ కూడా వస్తుందా?"

"ముందు నడుస్తుంది. అందరూ ఆమెనే చూస్తారు. మిమ్మల్ని ఎవరూ చూడరు. సింపుల్." కర్నల్ సొరుగులోంచి ఒక చేతికర్ర తీశాడు. "ఇది నీకు. బటన్ నొక్కితే మొన లోంచి మత్తుమందు సూది వస్తుంది. ఒకటే సూది."

"బటన్ ఎక్కడ సార్?"

"పిడి రబ్బరు కింద. కొంచెం గట్టిగా నొక్కాలి."

ఆ రబ్బరుకి ఎవరిదో పాత చెమట కంపు. ఇలారియా కర్రను ఒళ్ళో కాకుండా కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

* * *

ఆదివారం సాన్ బార్తొలోలో కాలు పెట్టే చోటు లేదు. సన్‌క్రీమ్, వేయించిన చేపలు, చెమట, మూడూ కలిసిన వాసన చర్చి మెట్ల దాకా వస్తోంది. ఒరేస్తె బీజియో మెట్ల మీద పూల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. బట్టతల మీద చెమట.

"మామయ్యా, ఆలస్యమైందా?" అంది ఇలారియా, చెప్పిన ప్రకారం.

"మీ అత్తయ్య జడ వేసుకునేసరికి ఇదీ వేళ" అన్నాడు ఆయన, ఆయనకి చెప్పిన ప్రకారం. తర్వాత గొంతు తగ్గించి, "ఈ చొక్కా మీవాళ్ళు పంపిందే. ఇది వేసుకుని చస్తే శవాన్ని గుర్తుపట్టడానికి మా చెల్లెలు కూడా రాదు."

"చావరు."

"నీ వయసెంతమ్మా?"

"నడవండి మామయ్యా."

దారి ఊరి చివర మొదలై కొండ నడుము పట్టుకుని పోతుంది. ఒక పక్క కింద సముద్రం, ఇంకో పక్క సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష. దారి వెడల్పు మనిషిన్నర. ముందు ఎవరో స్పీకర్‌లో పాటలు పెట్టుకుని పోతున్నారు. రోజ్‌మేరీ పొద మీద ఒక పసిపిల్ల డైపర్ ఆరేసినట్టు వేలాడుతోంది. ఒకాయన గోడ సందులో ఖాళీ సీసా దూర్చి, చేతులు దులుపుకుని, "ఎంత అందమైన చోటు!" అన్నాడు.

వీళ్ళందరికంటే ముందు ఫ్లామీనియా. తెల్ల లినెన్ గౌను, గొడుగంత తెల్ల టోపీ, చేతికి పెద్ద పచ్చరాయి ఉంగరం. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఫోన్లు అటు తిరుగుతున్నాయి. ప్లాన్ బాగానే పనిచేస్తోంది. ఒరేస్తె వైపు ఎవరూ చూడటం లేదు. ఇలారియాని ఇద్దరు ముగ్గురు తోసేసి, తోసిన సంగతి కూడా తెలియకుండా ముందుకు పోయారు.

"ఎందుకు మనసు మారింది?" అని అడిగింది ఇలారియా. అడగాల్సిన ప్రశ్న కాదు, కానీ ఆమెకి తెలుసుకోవాలనిపించింది.

ఒరేస్తె రొప్పుతూ చెప్పాడు. "నేను చెప్పిన చోట ఒక కేబుల్ కోశారు. ఒక చిన్న దీవికి మాటా మంతీ ఆగిపోయింది. అక్కడి ఆసుపత్రికి కూడా. ఆ వార్త రాగానే వాళ్ళు షాంపేన్ తెరిచారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. తాగాను." పక్కకి ఉమ్మాడు. "ఎన్నిసార్లు పళ్ళు తోముకున్నా ఆ రుచి పోవటం లేదమ్మా."

అప్పటి నుంచి ఇలారియా ఆయన్ని గోడ వైపు నడిపించి, తను సముద్రం వైపు నడిచింది.

* * *

బాచీ గుడిసె ముందు నీడ ఉంది. కర్రల పందిరి, కింద చెక్క బల్ల, వెనక ద్రాక్ష బుట్టలు కిందికి చేరవేసే, ఒకే ఇనప పట్టా మీద నడిచే ఇంజన్ బండి. గుడిసె పక్క గోడ ఒకటి కూలి రాళ్ళు దారిలో పడి ఉన్నాయి.

"రండి తల్లీ, రండి! ఎండలో ఎంత అలిసిపోయారో!" అంటూ ముసలి రైతు ఎదురొచ్చాడు. మాసిన టోపీ, అతుకుల ప్యాంటు, నల్లబడ్డ గోళ్ళు. తప్పని వేలు పెట్టి చూపడానికి ఏమీ లేదు.

"గాలి ఎటు నుంచి వస్తోంది బాచీ?"

"ఆఫ్రికా నుంచి తల్లీ, ఇసుకతో సహా."

ఇలారియా ఊపిరి వదిలింది. ఒరేస్తె బల్ల ముందు కూలబడ్డాడు. రైతు గ్లాసులు పెట్టి, అంచు దాకా తెల్ల వైన్ పోశాడు. అప్పటికే నీడకి చేరిన ఫ్లామీనియా టోపీ తీసి విసురుకుంటూ, "నాకొద్దు నాన్నా, వైన్ తాగితే ముఖం ఉబ్బుతుంది. వాళ్ళకి పొయ్యండి" అంది.

"ఈ ఏడు ద్రాక్ష ఎలా ఉంది?" అంది ఇలారియా, మాట కలపడానికి.

"బ్రహ్మాండం! దేవుడి దయ."

ఇలారియా తల ఎత్తింది.

"ఆ గోడ పడిందేం?"

"వానకి పడింది. ఏముందిలే, మళ్ళీ కట్టుకుంటాం."

"మున్సిపాలిటీ వాళ్ళు రాళ్ళు పంపుతామన్నారు కదా?"

"పాపం, వాళ్ళ కష్టాలు వాళ్ళవి."

అంత వేడిలోనూ ఇలారియాకి ఒళ్ళు చల్లబడింది. ఒకప్పుడు మా జెనోవా కళాసీలు ఓడ ఎక్కేముందు జీతం తగ్గించుకుని మరీ, ఓడ మీద సణుక్కునే హక్కు కావాలని ఒప్పందం రాయించుకునేవాళ్ళట. జీతం ఎక్కువిస్తాం, నోరు మూసుకుని పనిచెయ్యండి అంటే వద్దన్నారట. ఆ రక్తం ఇంకా అలాగే ఉంది. ఈ కొండ మీద ద్రాక్ష బాగా పండితే ధర పడిపోతుందని తిడతారు, పండకపోతే పండలేదని తిడతారు. దేవుడి దయ అన్న రైతుని ఆమె పుట్టాక ఇదే చూడటం.

ఒరేస్తె గ్లాసు ఎత్తాడు.

"టూరిస్టులతో ఇబ్బందేనేమో మీకు?" అంది ఇలారియా కొంచెం గట్టిగా. "సీసాలు గోడల్లో దూరుస్తున్నారు. నాకు చూస్తేనే అసహ్యం వేసింది."

"దూర్చడమా!" ఒరేస్తె గ్లాసు సగంలో ఆపి అందుకున్నాడు. "ఒకడు మా ఇంటి గేటుకి ఉచ్చ పోసి, ఫొటో తీసుకోవచ్చా అని నన్నే అడిగాడు. పన్నులు కట్టేది మనం, దారి వాళ్ళది, కంపు మనది."

"పిల్లలు కదండీ, సరదా" అన్నాడు రైతు, తెల్లటి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఒరేస్తె అతన్ని చూశాడు. ఆయనా ఈ తీరం మనిషే. మెల్లగా, తనకేదో అనుమానం వచ్చి సరిచూసుకుంటున్నట్టు అడిగాడు: "మరి అడవి పందులు? తోటలోకి దిగుతున్నాయా?"

"దిగుతాయి. తిననివ్వండి, అవీ దేవుడి బిడ్డలేగా."

ఒరేస్తె గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పెట్టి, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. ఆయన, ఇలారియా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఏ కోడ్ మాటా అక్కర్లేకపోయింది.

తూల్లియో కూడా ఇక్కడివాడే. దారి ఎలా ఉందో చూడటానికి వచ్చి ఇక్కడ ఆగి ఉంటాడు, ఇదే నవ్వు చూసి ఉంటాడు. అందుకే ఐస్‌క్రీమ్ పుల్లతో బెంచీ మీద మిగిలాడు. రహస్య మాట నలుగురికే తెలుసు. అందులో ఒకామె వైన్ వద్దంది.

"తాగండి మామయ్యా, వేడెక్కిపోతుంది" అంది ఫ్లామీనియా తియ్యగా. అని, అద్దం తీసుకుని పందిరి చివరికి వెళ్ళి పెదాలకి రంగు దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరు మనుషులు చచ్చేటప్పుడు చూడకుండా ఉండటానికి అది మంచి పని.

ఇలారియా కర్ర మొన రైతు తొడ వైపు తిప్పి బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. రైతు కర్ర వైపు చూశాడు. మళ్ళీ నొక్కింది. రబ్బరు కిందికి పోయి పైకి వచ్చింది. రైతు చెయ్యి జేబులోకి పోతోంది. ఈసారి రెండు బొటనవేళ్ళూ పెట్టి, కర్నల్‌ని మనసులో తిట్టుకుంటూ నొక్కింది. టప్పుమంది. రైతు సోలి స్తంభానికి ఆనుకుని మెల్లగా కూర్చుండిపోయాడు. నిద్రలో కూడా ఆ నవ్వు పోలేదు.

"మామయ్యా, బండి ఎక్కండి."

"అది బుట్టల బండి కదమ్మా!"

"ఎక్కండి!"

ఇంజన్ తాడు లాగగానే దగ్గి, నల్ల పొగ కక్కి, బండి కదిలింది. ఒరేస్తె బుట్టలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. వెనక బుట్ట అంచు మీద ఇలారియా. చేతిలో ఖాళీ కర్ర. గ్రీజు, పెట్రోలు, పులిసిన ద్రాక్ష రసం, అన్నీ కలిసి ముక్కులో గుచ్చుకున్నాయి. పారిపోవడానికి అదొక్కటే దారి, ఎందుకంటే మెట్లు దిగే ఓపిక ఆయన మోకాళ్ళలో లేదు. చిక్కల్లా ఒకటే. ఆ బండి మనిషి నడక కంటే నెమ్మది.

"ఎక్కడికి చిట్టీ?"

ఫ్లామీనియా పక్కనే దారి మెట్లు దిగుతూ వస్తోంది. తొందర పడటం లేదు. ఉంగరం రాయిని అరచేతి లోపలికి తిప్పుకుంది. రాయి పక్కన సన్నటి ముల్లు మెరిసింది.

"తూల్లియోకి దీనితోనేనా?" అంది ఇలారియా.

"మెడ నిమిరానంతే. మురిసిపోయాడు పాపం." ఫ్లామీనియా నవ్వింది. "ఎవరితోనూ చెప్పవులే. నీ మాట ఎవరు వింటారు? నీ గొంతు ఎలా ఉంటుందో మన ఆఫీసులో సగం మందికి తెలియదు."

అది నిజమే కాబట్టి ఇలారియాకి ఇంకా ఒళ్ళు మండింది.

దారిలో టూరిస్టులు ఆగి ఫోన్లు ఎత్తారు. "అబ్బ, బుట్టలో తాతయ్య! ఎంత ముద్దుగా ఉన్నాడో!" ఫ్లామీనియా వాళ్ళకి చెయ్యి ఊపింది. ఇలారియా కర్రతో అడ్డం పడుతుంటే ఆమె వెనక్కి తగ్గి, పైకి చూసింది. ముందు పట్టా ఒక ఎత్తు గోడను రాసుకుంటూ పోతుంది. గోడ మీద నిలబడితే బుట్టలో మనిషి మెడ చేతికి అందుతుంది. వంగితే చాలు.

ఆమె చెప్పులు విప్పి, గౌను ఎత్తి పట్టుకుని, గోడ ఎక్కింది. రాళ్ళు కదిలి కిందికి దొర్లాయి.

బండి గోడ వైపు పాకుతోంది. ఇంజన్ ఆపే మీట ఇలారియాకి అందదు. ఒరేస్తె తల బుట్టలోకి దించుకుని కళ్ళు మూసుకున్నాడు. కింది మడిలో కొందరు ఆడవాళ్ళు వంగి ద్రాక్ష కోస్తున్నారు. ఇలారియా నోరు తెరిచింది. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత, జన్మలో ఎప్పుడూ అరవనిదంతా కలిపి ఒకేసారి అరిచింది.

"గోడ! గోడ మీద ఎక్కింది! మీ గోడ పడగొడుతోంది!"

హత్య అని అరిస్తే వాళ్ళు ఎటు చూడాలో ఆలోచించుకునేవాళ్ళు. గోడ అనేసరికి ఆలోచన లేదు.

"ఎవత్తే అది!" కత్తెరలతో సహా ఆడవాళ్ళు పైకి ఎగబాకారు. అందరికంటే ముందు రోసెత్త అనే బండ మనిషి, నడుముకి గోనె కట్టుకుని ఉంది. "ఏమే తెల్లగౌనుదానా, కళ్ళు నెత్తికెక్కాయా? మా తాత మోసిన రాళ్ళే అవి! దిగు!"

"ఒక్క నిమిషం అమ్మా" అంది ఫ్లామీనియా పళ్ళ బిగువున. బుట్ట ఆమె కిందికి వచ్చింది. ఆమె వంగింది. అరచెయ్యి ఒరేస్తె మెడ మీదికి దిగింది. ముల్లుకీ చర్మానికీ మధ్య వెంట్రుక దూరే సందు ఉంది.

రోసెత్త ఆమె నడుము బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

ఫ్లామీనియా వెల్లకిలా కోసిన ద్రాక్ష బుట్టల్లో పడింది. లేవబోతే ఇద్దరు ఆమె మీద కూర్చున్నారు. ఒకామె రెండు మణికట్లూ కాళ్ళతో తొక్కి పెట్టింది.

"నేనెవరో తెలుసా మీకు?"

"తెలుసు. గోడ పడగొట్టినదానివి. రాళ్ళన్నీ ఏరి పెట్టే దాకా మేం లేవం."

"ద్రాక్ష కూడా నలిపింది చూడు, ముదనష్టపుది!"

ఇలారియా బండి దిగి వచ్చి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఉంగరం ఊడదీసింది. ఆ సెంటు వాసన దగ్గరగా ముక్కుకి తగిలేసరికి ముఖం పక్కకి తిప్పుకుంది. టూరిస్టులు ఇంకా ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

అసలు బాచీ గుడిసె వెనక ఖాళీ వైన్ తొట్టిలో దొరికాడు, కాళ్ళూ చేతులూ కట్టేసి. నోటి గుడ్డ తియ్యగానే తాడుని, తొట్టిని, ముఠాని, కర్నల్‌ని, మున్సిపాలిటీని, అడవి పందుల్ని వరసగా తిట్టాడు. వింటుంటే ఇలారియాకి ప్రాణం లేచి వచ్చింది.

* * *

పోర్తెవెర్దెలో లాంచ్ ఎక్కి జెనోవా చేరిన ఒరేస్తె, పూల చొక్కాతోనే కర్నల్ ముందు కూర్చుని పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూనే ఉన్నాడు. అందులో రెండు పేర్లు విని కర్నల్ లేచి తలుపు వేసి వచ్చాడు. ఒక పేరుకి రాసుకునే ఆఫీసర్ కలం ఆపి, "ఆయనా? పోయిన వారం ఆయన ఇంటి పెళ్ళికి వెళ్ళాను" అని ముఖం తుడుచుకున్నాడు. ఎక్కడెక్కడి అరెస్టు ఆర్డర్లు అక్కడికి వెళ్ళిపోయాయి.

ఇలారియా మూల కుర్చీలో కూర్చుంది. ఒంటి మీద ద్రాక్ష రసం ఎండి జిగటగా ఉంది. తూల్లియో ఫొటోలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. లేచి వెళ్ళి వాటిని బోర్లించింది. ఎవరినీ అడగలేదు.

"శభాష్ బీజియో గారూ" అన్నాడు కర్నల్ చివరికి. "ఇక మీకు భయం లేదు. కొత్త పేరు, కొత్త ఇల్లు. ఉత్తరాన పో నది మైదానంలో, వరి పొలాల మధ్య చక్కటి పల్లె. మిమ్మల్ని ఎవరూ కనిపెట్టలేరు."

"సముద్రం ఎంత దూరం?"

"సముద్రమా? అసలు లేదు. అదే కదా దాని గొప్పతనం."

ఒరేస్తె కర్నల్‌ని వదిలేసి, సణుక్కుంటూ ఇలారియా వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు చెప్పు. అక్కడ పొద్దున్నే లేచి, కిటికీ తెరిచి ఏం చూడాలి నేను? వరి పెరగడమా?"